వైరశాంతికి కపిలుని ఉపదేశము

శ్రీమద్భాగవతము తృతీయ స్కంధమున కపిల మహర్షి తన తల్లి యగు దేవహూతికి భక్తియోగమును బోధించిన ఘట్టము కలదు. కర్దమ ప్రజాపతి తపస్సునకై అడవికి తరలిన పిమ్మట ఒంటరియైన ఆ తల్లి సంసారబంధమునుండి విడివడు మార్గమును కుమారుని అడిగినది. ఆ కుమారుడు శ్రీమన్నారాయణుని అవతారము. అతడు తల్లికి ఉపదేశించిన విషయములలో పండితులు వేదాంతభాగమును ఎక్కువగా చర్చింతురు. కాని అందు 29వ అధ్యాయమున ప్రతి గృహస్థుడును నిత్యము తలచుకొనదగిన ఒక హెచ్చరిక యున్నది.

దాని సారాంశమిది. భగవంతుడు సర్వప్రాణులయందును అంతర్యామియై యున్నాడు. ఆ ప్రాణులను అవమానించుచు అర్చామూర్తిని మాత్రము పూజించువాని పూజ బూడిదలో హోమము చేసినట్టిది. తోటివారితో పగ పెంచుకొన్నవాని మనస్సునకు శాంతి లభింపదు. వాడెంత విలువైన ద్రవ్యములు సమర్పించినను స్వామి సంతోషింపడు. కావున సర్వప్రాణులయందున్న పరమాత్మను దానముచేతను, మానముచేతను, మైత్రిచేతను, అభిన్నదృష్టిచేతను ఆరాధింపవలెనని కపిలుడు ముగించెను.

ఇందు అర్చారాధనమునకు నింద లేదు. స్వధర్మము నాచరించుచు అర్చామూర్తిని సేవింపుమని ఆ సందర్భముననే ఆయన చెప్పియున్నాడు. గర్భాలయమున దర్శించిన స్వామిని వీధిలో మరచిపోవలదనుటయే ఆయన తాత్పర్యము.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి ఈ ఉపదేశము మిక్కిలి దగ్గరిది. ఈ సీమ భక్తికి పుట్టినిల్లు. తిరుమల క్షేత్రమునకు గడపయని ప్రసిద్ధిగన్న దేవుని కడప, కోదండరాముడు వెలసిన ఒంటిమిట్ట, అన్నమాచార్యులు జన్మించిన తాళ్ళపాక ఈ నేల చుట్టునే యున్నవి. జమ్మలమడుగున నారాపుర వేంకటేశ్వరుడును, పులివెందులలో రంగనాథుడును కొలువై యున్నారు. ప్రొద్దుటూరున పుట్టపర్తి నారాయణాచార్యులవంటి వైష్ణవ విద్వత్కవి నివసించెను. అయినను, ఈ సీమ పేరు చెప్పగనే దూరదేశములవారికి తోచునది ముఠాకక్షల మాట. 20వ శతాబ్దము ఉత్తరార్ధమున ఆ కక్షలవలన ఎన్నో పల్లెలలో ఎందరో తల్లులు బిడ్డలను, ఎందరో భార్యలు భర్తలను కోల్పోయిరి.

ఆ పగలు పుట్టిన కారణములను విచారించిన తరచుగ అవి చిన్నవి. పొలము గట్టు జానెడు జరిగినదని ఒక తగవు, కాలువ నీటి వంతు తప్పినదని మరియొకటి, ఎన్నికలో ఓటు వేరొకరికి వేసినాడని ఇంకొకటి. విచారకరమైన విషయమేమన, దేవుని తిరుణాలలో తొలి మర్యాద ఎవరికని పుట్టిన తగవులును వానిలో కలవు. కారణము చిన్నదైనను పగ పెరిగినకొలది ఊరు రెండుగా చీలును. ఒక వర్గమువారు రెండవ వర్గపు వీధిలో నడువరు. పెండ్లికి పిలుపు లుండవు. చావునకు పలకరింపు లుండవు. అన్నము, నీరు, మాట యను మూడును ఆగిపోవును. ఎదుటివాడు ఎట్టివాడో తెలియకపోయిన కొలది భయము పెరుగును. భయమే మరల కత్తి పట్టించును.

పెద్దమనుష్యులు కూర్చుండి రాజీ చేయింపవచ్చును. న్యాయస్థానము దోషిని శిక్షింపవచ్చును. ఇవి రెండును కావలసినవే. అయినను రాజీ పత్రముపై ఒక దినమున సంతకములు చేయింపవచ్చునుగాని, నమ్మకము ఒక దినమున పుట్టదు. ఆగిపోయిన అన్నమును, నీటిని, మాటను ప్రతిదినము కొంచెము కొంచెముగ మరల నడిపించినప్పుడే చీలిన ఊరు కూడును. కపిలుడు చెప్పిన నాలుగు సాధనములు సరిగా ఆ పనికే తగినవి.

దానము

దానమనగానే భూరి విరాళములు స్మరణకు వచ్చును. శాస్త్రము అట్లు చెప్పదు. బావులు, చెరువులు, నీడనిచ్చు తోటలు, అన్నసత్రములు మున్నగువానిని పూర్తములనిరి. యజ్ఞాదులైన ఇష్టములతోపాటు ఈ పూర్తములును గృహస్థునకు విధింపబడినవి. బాటసారులకు నీరొసగు పందిరికి సంస్కృతమున ప్రప యని పేరు. మనవారు దానినే చలివేంద్రమందురు. వైశాఖమాసమున నీటికుండను దానము చేయుట ఎంతో పుణ్యమని పెద్దలు చెప్పుదురు.

ఈ సీమకు నీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి భాగమున అదియు తక్కువ. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. పెన్న పలుమార్లు ఇసుకబాటగ మిగులును. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకును, ప్రత్తి వ్యాపారమునకును పేరొందిన పట్టణము. చుట్టుపట్ల పల్లెలనుండి ప్రతిదినము వందల మంది అక్కడికి వచ్చిపోవుదురు. అంగడి ముందర తడియిసుకపై రెండు కొత్త కుండలు నిలిపి, పొడుగు కాడగల గరిటె ఒకటి, శుభ్రమైన లోటాలు రెండు ఉంచుటకు అయ్యెడు వ్యయమెంత? ఉగాదినుండి మృగశిర కార్తె వచ్చువరకు దానిని నడిపిన వ్యాపారి ఏ ఊరివానికి, ఏ వర్గమువానికి నీరు పోసితినని లెక్క వ్రాసికొనడు. ఆ లెక్క లేకపోవుటయే దాని మహిమ.

భాగవతము నవమ స్కంధమున రంతిదేవుని చరిత్రము కలదు. ఆ రాజు 48 దినములు అన్నపానములు లేక కుటుంబముతో కృశించెను. మరునాడు ఉదయమున కొంచెము పాయసాన్నము, నీరు లభించెను. భుజింపబోవు సమయమున ఒక విప్రుడును, తరువాత ఒక శూద్రుడును, పిమ్మట కుక్కలను వెంటగొన్న ఒకడును వచ్చిరి. అన్నమంతయు వారికిచ్చెను. మిగిలిన నీరు ఒక్కని దాహమునకే సరిపోవును. అది త్రాగబోవగా లోకము అంటరానివాడని త్రోసివేసినవాడొకడు వచ్చి దప్పికని అడిగెను. రంతిదేవుడు ఆ నీటినిచ్చి, తాను మోక్షమును సైతము కోరననియు, ప్రాణుల దుఃఖము తాననుభవించి వారిని దుఃఖరహితులను చేయగోరుదుననియు పలికెను. వచ్చినవారు దేవతలని తరువాత తెలిసినది. ఇచ్చునపుడు ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలియకయే ఇచ్చెను గనుక ఆయన రంతిదేవుడయ్యెను.

పురాణమునందేగాక ఈ సీమ చరిత్రయందును అట్టివారు కలరు. 1866లో కరవు వచ్చినప్పుడు రేనాటి సీమలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యపు గాదెలు తెరపించి వేలమందికి గంజి పోయించెను. ఆయన కీర్తి నేటికిని జానపదుల పాటలలో నిలిచియున్నది. అటుపై 1876-78 సంవత్సరముల నాటి ఘోరమైన ధాత కరవు ఈ సీమను ఎండగట్టినది. అట్టి కరవులెరిగిన నేల గనుకనే ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ఇక్కడ గొప్ప ధర్మమైనది.

20వ శతాబ్దమున ఆ ధర్మమునకు మూర్తి యనదగినవారు అవధూత కాశినాయన. ఆయన 1895లో జన్మించి 1995లో సిద్ధిపొందిరి. కడప జిల్లా ఉత్తరపు అంచున నల్లమల అడవిలోనున్న జ్యోతి నరసింహక్షేత్రమున నివసించి, శిథిలమైన ఆలయములను బాగుచేయించుచు, వచ్చిన ప్రతివానికి అన్నము పెట్టించిరి. ఆయన సంపన్నులు కారు. రైతులు తమ కళ్ళమునుండి తెచ్చిన ధాన్యము, కూరగాయలే ఆ సత్రములకు ఆధారము. ఆయన పేర నేటికిని పలు క్షేత్రములలో అన్నసత్రములు నడచుచున్నవి. ఒక మండలమునకే ఆయన పేరు పెట్టబడినది. ఆ పంక్తిలో కూర్చున్నవానిని ఏ ఊరు, ఏ కులము, ఎవరి మనిషివని అడుగువారుండరు. ఊరిలో ఒకరి ముఖమొకరు చూడనివారు అక్కడ ప్రక్కప్రక్కన విస్తళ్ళు వేసికొని కూర్చుందురు. రాజీ పత్రము చేయలేని పని విస్తరి చేయుచున్నది.

మానము

రెండవ సాధనము మానము, అనగా గౌరవమిచ్చుట. దానముకన్న ఇది కష్టము. ధాన్యము ఇచ్చుటకు గాదె తెరచిన చాలును. గౌరవమిచ్చుటకు అహంకారమును వంచవలెను. ఈ సీమలోని పగలలో సగము గౌరవము కోరుటవలన పుట్టినవే. తీర్థము ముందెవరికి, పరివట్టము ముందెవరికి, రథపు పగ్గము ముందెవరు పట్టవలెను అని తగవులాడువారు ఒక్కటి మరచుచున్నారు. నిత్యము ఇంటింట పఠించు విష్ణుసహస్రనామములందు అమాని యనియు, మానదుడనియు రెండు నామములు వెంటవెంట కలవు. స్వామి తనకై మానమును కోరడు; ఇతరులకు మానము నిచ్చును. అట్టి స్వామి సన్నిధిలో మానమునకై కలహించుట కన్న విడ్డూరము వేరొకటి లేదు.

భగవద్రామానుజులు (1017-1137) శ్రీరంగమున కావేరికి స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుని భుజముపై చేయివేసి నడిచెడివారనియు, స్నానము చేసి వచ్చునపుడు ఉరంగావిల్లి దాసరు భుజముపై చేయివేసి వచ్చెడివారనియు గురుపరంపర చెప్పుచున్నది. ఆ దాసరు బ్రాహ్మణుడు కాడు; తొలుత ఆయుధము పట్టి బ్రతికిన మల్లుడు. ఆచార్యులు అతనికి రంగనాథుని నేత్రసౌందర్యమును చూపి భాగవతునిగా చేసిరి. కత్తి పట్టిన చేతికి కైంకర్యము అప్పగించుటయే ఆచార్యులు చూపిన విద్య. పులివెందుల రంగనాథుని సేవించువారు ఈ కథను మరువరాదు. తప్పుదారి నడచి, శిక్ష అనుభవించి తిరిగివచ్చినవాడు గుడిమెట్ల యొద్ద నిలిచినప్పుడు అతని చేతికి చీపురో, పూలబుట్టయో, వడ్డన గరిటెయో ఇచ్చువాడు ఆ ఊరికి గొప్ప మేలు చేసినవాడగును.

సేవ చేయువాడు తన పేరును చాటుకొనుటయు మానమును కోరుటలోనిదే. అన్నదానమునకు ముందు పటములు తీయించుకొనుట, ఒక వర్గము చేసినదని పోటీగ రెండవ వర్గము చేయుట, తినువానిని కసరుట తగని పనులు. ప్రతిఫలము కోరి చేసిన దానము రాజసమనియు, అనాదరముతో చేసినది తామసమనియు గీతాచార్యుడు 17వ అధ్యాయమున విభజించి చెప్పెను.

ఇందులకు భిన్నముగ నడచిన మహనీయుడు వావిలికొలను సుబ్బారావు (1863-1936). ఆయన ప్రొద్దుటూరు తాలూకాలో రెవెన్యూ ఉద్యోగము చేసి, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులై, రామాయణమును తెలిగించి ఆంధ్రవాల్మీకి యని పేరొందిరి. అట్టి విద్వాంసుడు ఒంటిమిట్ట కోదండరాముని ఆలయోద్ధరణకై టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి యాచించిరి. పండితుడు బిచ్చమెత్తుటకు సిగ్గుపడలేదు. ఆ చిప్పలో పడిన కాసు ఎంత చిన్నదైనను వేసినవానికి ఆలయములో భాగము లభించినది.

మైత్రి

మూడవది మైత్రి. సమానులయెడ చూపవలసిన స్నేహము ఇది. పల్లెలో ఇరుగుపొరుగు రైతులే ఒకరికొకరు సమానులు. పగ కూడ వారి నడుమనే పుట్టును.

పులివెందుల ప్రాంతమున చీనీ తోటలు, అరటి తోటలు మిక్కుటము. బోరు ఎండిపోయిన రైతు బాధ ఎండబెట్టుకొన్నవానికే తెలియును. ఏండ్ల తరబడి పెంచిన చెట్లు కన్నుల యెదుట వాడిపోవుచుండగా, ప్రక్క పొలమువాడు తన బోరునుండి ఒక్క తడి నీరు విడిచిన ఆ తోట నిలుచును. అడుగుటకు అభిమానము అడ్డువచ్చువానికి అడుగకముందే ఇచ్చుట నిజమైన మైత్రి. గట్టు తగవు పడినవాడే ఆ తడి ఇచ్చినచో, జానెడు గట్టుకై మరల న్యాయస్థానమునకు పోవలసిన అక్కర ఎంతో తగ్గును.

పులివెందులకు సమీపముననే పాపఘ్ని తీరమున గండి క్షేత్రము కలదు. అక్కడ వాయుదేవుడు శ్రీరామునికి ఆతిథ్యమొసగెననియు, రాముడు తన బాణపు మొనతో కొండశిలపై ఆంజనేయుని రూపము గీసెననియు స్థలపురాణము. శ్రావణ శనివారములలో వేలమంది ఆ స్వామిని సేవింతురు. ఆంజనేయుడు తనకై ఏమియు కోరని సేవకుడు. పగవాని తమ్ముడైన విభీషణుడు శరణుకోరి వచ్చినప్పుడు తక్కినవారు సందేహించుచుండగా, అతనిని స్వీకరింపవచ్చునని పలికినవాడు కూడ ఆయనయే. గండికి పోయి వచ్చినవారు ఆ ఒక్క గుణమును ఇంటికి తెచ్చుకొన్నచో యాత్ర సఫలమైనట్లే. ఎదుటి వర్గపు ఇంట చావు జరిగినప్పుడు గడపవరకు పోయి ఒక్కమాట పలుకుట, ఆ ఇంటి బిడ్డకు పాఠము చెప్పుట, జబ్బుపడినవానిని బండిలో ఆసుపత్రికి చేర్చుట చూచుటకు చిన్న పనులు. విభీషణునకు తలుపు తెరచిన మాట కూడ చిన్నదే.

అభిన్నదృష్టి

నాలుగవది మూడింటికిని ప్రాణము వంటిది. వీడు మనవాడు, వాడు పరాయివాడను భేదము లేని చూపే అభిన్నదృష్టి. ఈ చూపు లేనిచో దానము తనవారికే చేరును. మానము బలవంతునికే దక్కును. మైత్రి ముఠాగ మారును. ముఠాలోనివారును ఒకరికొకరు ప్రాణమిచ్చుకొందురు గదా! ఆ ప్రేమ గోడ దాటకపోవుటయే లోపము.

దేవుని కడపలో ఉగాదినాడు కానవచ్చు దృశ్యము ఇందుకు చక్కని పాఠము. ఆనాడు ముస్లిము స్త్రీపురుషులు శ్రీ వేంకటేశ్వరుని ఆలయమునకు వచ్చి, బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగ భావించి, స్వామికి పూజలు చేయించుదురు. ఆడబిడ్డను ఇచ్చిన ఇంటివారికి అల్లుని ఇంట చొరవ ఉండును. చుట్టరికము కలుపుకొన్నచోట భేదము నిలువదని ఆ ఆచారము తెలుపుచున్నది.

జమ్మలమడుగున 19వ శతాబ్దము చివర క్రైస్తవ మిషనువారు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి చిరకాలము ఈ సీమ రోగులకు ఆశ్రయమైనది. సముద్రములు దాటివచ్చిన వైద్యులు భాష తెలియని పల్లెవారి పుండ్లు కడిగిరి. రోగిలోనున్న నారాయణుని సేవించుటకు మతము అడ్డు కాజాలదు. నేడు ఆసుపత్రులలో రోగికి ఎక్కింపబడు రక్తము సంగతియు అట్టిదే. రక్తమిచ్చినవాడెవరో పుచ్చుకొన్నవానికి తెలియదు. ఏ సీమలో రక్తము పగకై చిందినదో, ఆ సీమ యువకులు అదే రక్తమును పేరు తెలియని రోగికై ఇచ్చినచో అంతకన్న పరిహారము వేరొకటి లేదు.

గృహస్థుడు ఆచరింపదగినది

ఈ నాలుగింటిని ఆచరించుటకు సంఘములు, సభలు అక్కరలేదు. పూర్వము మన ఇండ్లలో వంటకు బియ్యము కొలిచినప్పుడు పిడికెడు వేరొక పాత్రలో వేసెడి ఆచారముండెను. పిడికెడు 50 గ్రాములని లెక్కించినను ఒక ఇంట నెలకు ఒకటిన్నర కిలో అగును. ఒక వీధిలో 40 ఇండ్లవారు కలిసిన 60 కిలోలు. ఆ బియ్యముతో ఆసుపత్రి ముంగిట రోగులకు తోడుగ వచ్చి ఆకలితో కూర్చున్నవారికి అన్నము పెట్టవచ్చును. ఆ వీధిలో రెండు వర్గములవారున్నచో రెండు వర్గముల బియ్యమును ఒకే పాత్రలో కలియును. ఉడికిన పిమ్మట ఏ మెతుకు ఎవరిదో చెప్పుట బ్రహ్మకును సాధ్యము కాదు.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. అన్యాయము చేసినవానియెడ దయ చూపిన అన్యాయము పెరుగదా? దయ యనగా నేరమును దాచుట కాదు. దోషిని చట్టమునకు అప్పగించుట ధర్మము; సాక్షి నిజము చెప్పుట ధర్మము; నష్టపోయినవానికి న్యాయము జరుగవలెను. అయితే దోషి భార్యాబిడ్డలకు ఊరి బావిలో నీరు నిరాకరించుట ధర్మము కాదు. శిక్ష నేరమునకు, పగ వంశమునకు. మొదటిదానితో తగవు ముగియును, రెండవదానితో అది మనుమల కాలమునకు సాగును.

తిరుమలకు పోవు యాత్రికుడు వేంకటేశ్వరుని దర్శించుటకు గంటల తరబడి వరుసలో నిలుచును. ముందున్నవాడెవడో, వెనుకనున్నవాడెవడో అడుగడు. పసిబిడ్డ ఏడ్చిన ప్రక్కవాడు నీరిచ్చును. ముసలివాడు తూలిన వెనుకవాడు పట్టుకొనును. ఆ వరుసలో అప్రయత్నముగ అలవడిన దానము, మైత్రి, అభిన్నదృష్టి ఊరు చేరిన మరునాడే మాసిపోరాదు. లడ్డు ప్రసాదము తెచ్చినవాడు దానిని తనవారితోపాటు ఇంతకాలము మాటలేని ఇంటికి కూడ ఒక్క తునుక పంపవలెను. వారు మొదటిసారి తలుపు తీయకపోవచ్చును. మరుసటి యాత్రకు మరల పంపవలెను. శ్రీనివాసుడు ఆ గడపకు ఇరువైపుల నున్నవాడు గనుక, ఎప్పటికైనను ఆ తలుపు తెరచుకొనునట్లు అనుగ్రహించు గాక!